తట్టుడక్క పరిచిన గుడ్డ

ముందు నా కత్తి గురించి చెప్పాలి. ఆ తర్వాత నేనెవరో మీకే తెలుస్తుంది.

మా తాత ఒక్క చొక్కా కుట్టడానికి రెండు రోజులు తీసుకునేవాడు. కొలత తీసిందీ, కత్తిరించిందీ, కాజాలు కుట్టిందీ అన్నీ ఆయనే. మా నాన్న కాలానికి కుట్టు మిషను వచ్చింది, రోజుకి మూడు చొక్కాలయ్యాయి. నా కాలానికి ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ ఒక్కో చొక్కా ముప్పై మంది చేతుల మీదుగా నడిచేది. కాలరు కుట్టేవాడికి జేబు కుట్టడం రాదు, జేబు కుట్టేవాడు కాలరు ముట్టుకోడు. కానీ ఆ ముప్పై మందికీ ముందు ఒకే ఒక్కడు ఉండేవాడు. కటింగ్ మాస్టర్. అంటే నేను!

మిగతా మాస్టర్లు కరెంటు కత్తితో వంద పొరల గుడ్డ కోసేసరికి చెమటలు కక్కేవాళ్ళు. నేను రెండొందల పొరలు ఈల వేసుకుంటూ కోసేవాణ్ణి. పై పొర మీద సుద్దతో గీసిన గీత అట్టడుగు పొరలో కూడా వెంట్రుక వాసి తేడా రాకూడదు. రాలేదు. ఒకసారి గుడ్డ మీద ఈగ వాలితే రెక్క మాత్రం కోసి ఈగని వదిలేశానని అందరూ చెప్పుకునేవారు. అందరూ అంటే... మొదట నేనే చెప్పాననుకోండి.

అలాంటి నేను జీవితంలో ఒక్కసారి భయపడ్డాను. అదీ పట్టపగలు, మధ్యాహ్నం మూడు గంటలకి.

మా కటింగ్ హాలు నేలకింద అంతస్తులో ఉండేది. కిటికీల్లేవు. గంజి వాసన, మిషను నూనె వాసన, గాల్లో సన్నటి సుద్ద పొడి. మధ్యలో రైలు పెట్టెంత పొడవు బల్ల. దాని మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచే పని ఒకావిడది. ఒక్కో పొర పరిచాక చివర ముడత పోయేలా కుడి అరచేత్తో రెండుసార్లు తట్టేది. తప్, తప్. రెండొందల పొరలకి నాలుగొందల తట్లు. అందుకే ఆవిణ్ణి తట్టుడక్క అనేవాళ్ళం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇంతవరకూ ఇద్దరికే చెప్పాను, అందులో ఒకరు బతికిలేరు.

మామూలుగా గుడ్డని పొరకీ పొరకీ మొహాలు, అంటే బయటికి కనపడే వైపులు, కలిసేలా పరుస్తాం. అప్పుడు ఒక్క స్లీవు గీసి కోస్తే చాలు, సగం కుడివి, సగం ఎడమవి వాటంతటవే వచ్చేస్తాయి. ఆ రోజు వచ్చింది నూగు గుడ్డ, మఖమల్లా నూగంతా ఒకే వైపుకి వాలి ఉండే రకం. అన్ని పొరలూ మొహం పైకే పరవాలి. అలాంటప్పుడు కుడిదొకటి, ఎడమదొకటి విడివిడిగా గీసుకోవాలి. నేను అలవాటుకొద్దీ ఒకటే గీశాను.

"మాస్టారూ, ఎడమదే గీశారు. మరి కుడివేవి?" అంది తట్టుడక్క.

"నువ్వు పరిచే మనిషివా, గీసే మనిషివా?"

"పరిచే మనిషినే. పరిచాను కాబట్టే అడుగుతున్నా."

"నేను కత్తి పట్టిన నాటికి నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదక్కా. తప్పుకో!"

హాలంతా నవ్వింది. నేను కత్తి నడిపాను. రెండొందల స్లీవులు. రెండొందలూ ఎడమవే.

మేనేజరు గుడ్లురుముతూ దిగాడు. నా కత్తి కన్నా నా నాలుక చురుకు. "మొహాలు కలిపి పరవమన్నాను సార్, ఈవిడ అన్నీ పైకే పరిచింది" అనేశాను. తట్టుడక్క తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. వానలు మొదలయ్యేసరికి పోయిందని కబురొచ్చింది. ఎలా అని నేను అడగలేదు.

పాడైన స్లీవుల్ని తగలబెట్టమన్నారు. తగలబెట్టానన్నాను. కానీ పై పొర మీద నా సుద్ద గీత ఉంది, నూగు గుడ్డ మీద ఒకే ఒక్క స్లీవు గీత. పని తెలిసినవాడెవడు చూసినా తప్పు పరిచినావిడది కాదు, గీసినవాడిదేనంటాడు. మెట్ల మీదుగా మోసుకెళ్తే లోకమంతా చూస్తుంది. అందుకని గోతంలో కుక్కి మూతి కుట్టేసి బల్ల కిందకి తోశాను. ఏడాది పాటు ఆ మూట మీదే కూచుని టీ తాగాను.

ఆ ఏడాదే మా అమ్మాయి పై అంతస్తులో స్లీవులు అతికించే పనిలో చేరింది. తట్టుడక్కని కళ్ళతో చూసి కూడా ఎరగదు. మా పిల్ల కుడి చెయ్యి గుడ్డని తిప్పుతుంటే మిషనుకే సిగ్గేసేది. నా పోలిక మరి! వాళ్ళమ్మ మంచం పట్టాక ఆ చేతి మీదే మా ఇల్లు సగం నిలబడింది.

ఆ మధ్యాహ్నం కుండపోత. తడిసిపోకుండా గుడ్డ దింపుకోవడానికి మా హాల్లోవాళ్ళందరూ పైన లారీ దగ్గరికి పరిగెత్తారు. అమ్మాయి కిందకి దిగొచ్చింది.

"నాన్నా, స్లీవుల కట్టలేవి? మా లైనంతా గోళ్ళు గిల్లుకుంటోంది. నువ్వేమో రాజులా కూచున్నావు!"

"రాజునే కదే. సింహాసనం చూడు" అని మూట మీద చరిచాను.

కరెంటు పోయింది.

నేలకింద చీకటంటే మామూలు చీకటి కాదు. కళ్ళు తెరిచినా అంతే, మూసినా అంతే. ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. తడి గుడ్డ వాసన. ఆ రోజుల్లో ఇప్పట్లా జేబుల్లో దీపాల్లేవు.

"భయపడకు తల్లీ. ఈ హాల్లో నేను కళ్ళకి గంతలు కట్టుకుని పరిగెత్తగలను. మెట్లు నా ముందే ఉన్నాయి" అన్నాను.

అప్పుడు బల్ల మీద...

సర్ర్ర్...

గుడ్డ పరిచిన చప్పుడు.

తప్... తప్.

"నాన్నా," అంది అమ్మాయి గుసగుసగా, "పైకెళ్ళని వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఎలకలు."

ఎలకలు గుడ్డ పరవవు. అది నాకూ తెలుసు.

సర్ర్ర్... తప్... తప్.

ఆ తట్టులో ఏదో తేడా. అలవాటు లేని చేత్తో తట్టినట్టు.

నేను లేచాను. కుడి చెయ్యి వెనక్కి చాచాను. ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. చల్లగా ఉంది. భయానికి చల్లబడిందనుకున్నాను.

"పద" అన్నాను. నడిచాను. బల్ల అంచు తడుముకుంటూ పది అడుగులు... పదిహేను... బల్ల అయిపోవడం లేదు. వెనకాల చెయ్యి నా చేతిని గట్టిగా బిగించింది. ఇంకో చెయ్యి కూడా వచ్చి నా మణికట్టు మీద పడింది.

ముప్పై ఏళ్ళు మనుషుల చేతులు కొలిచి బతికినవాణ్ణి. నాకు దీపం అక్కర్లేదు. మొదటిది ఎడమ చెయ్యి. బొటనవేలు ఎటుందో తెలుస్తోంది.

రెండోది...

రెండోది కూడా ఎడమదే.

"నాన్నా!" అమ్మాయి గొంతు. చాలా ముందు నుంచి. మెట్ల మీద నుంచి. "గోడ పట్టుకుని నేను ఇక్కడికొచ్చేశా. నువ్వు ఎవరితో నడుస్తున్నావు?"

చెయ్యి గుంజుకోబోయాను. పట్టు సడల్లేదు.

చెవి పక్కనే... తడి ఊపిరి.

"మరి కుడివేవి... మాస్టారూ?"

అప్పుడు కూడా నా నాలుక నన్ను వదల్లేదు. "నువ్వే... నువ్వే తప్పు పరిచావక్కా" అన్నాను.

మెట్ల మీద నుంచి చిన్న కేక. "నాన్నా... నా కుడి చెయ్యి... తెలియట్లేదు."

"ఏమైందే?"

"వేళ్ళు లేవట్లేదు. మోచేతి దాకా చల్లగా... నాన్నా, భుజం దాకా..."

నా మణికట్టు మీద చేతులు కదల్లేదు. అవి తొందరపడటం లేదు. ఎదురుచూస్తున్నాయి. అంతే.

"నేనే!" అని అరిచాను. "గీసింది నేను! నువ్వు చెప్తే వినంది నేను! పరిచిన దాంట్లో తప్పు లేదక్కా... నా బిడ్డ చెయ్యి వదిలెయ్. నాది తీసుకో, నా రెండూ తీసుకో..."

ఒక వేలు వదిలింది.

ఇంకొకటి.

కరెంటు వచ్చింది.

నేను బల్ల మొదట్లోనే ఉన్నాను. ఒక్క అడుగు కూడా కదల్లేదు. గోతం మూతికి నేనేసిన కుట్టు చెక్కు చెదరలేదు, లోపల మాత్రం ఖాళీ. బల్ల మీద రెండొందల ఎడమ స్లీవులు, అంచుకి అంచు కలిపి, ఒక్క ముడత లేకుండా పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన నా సుద్ద గీత.

ఆ కట్ట నేనే మోసుకుని మెట్లెక్కాను. మేనేజరు ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ సాయంత్రమే నన్ను పంపించేశారు. తప్పు తట్టుడక్కది కాదని కాయితం రాయించుకుని, వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళి ఇచ్చాను. అమ్మాయి చేతికి మర్నాటికల్లా తిమ్మిరి వదిలింది. మళ్ళీ మిషనెక్కింది. ఏళ్ళు గడిచాయి. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

మొన్న అమ్మాయి నా మంచం మీద దుప్పటి మారుస్తోంది. పరిచింది. చివర కుడి అరచేత్తో... తప్, తప్.

"ఎవరు నేర్పారే నీకు, ఆ తట్టడం?" అన్నాను.

"ఏం తట్టడం నాన్నా?"

నా మొహంలోకే చూస్తూ అడుగుతోంది. కుడి చెయ్యి మాత్రం దుప్పటి మీద మెల్లగా పాకుతూ ఇంకో ముడత వెతుక్కుంటోంది.