ఆవుల ఊపిరి కొలిచే అమ్మాయి

"ఏమండీ! మా ఆవు మూతికి ఏం తగిలిస్తున్నారు?"

షెడ్డు గుమ్మంలోంచి అతను అరిచిన అరుపుకి ఆమె చేతిలోని గొట్టం జారి పేడలో పడింది.

"పరిశోధన కేంద్రం నుంచి వచ్చాను. మీ నాన్నగారు ఒప్పుకున్నారు," అంది ఆమె గొట్టం తుడుచుకుంటూ. "ఆవు త్రేన్చినప్పుడు మీథేన్ అనే గ్యాస్ వస్తుంది. భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణం. ఎంత వస్తోందో కొలవాలి."

"అంటే ఎండలు మండటానికి మా ఆవులు కారణమా? ఆ కార్లూ, ఫ్యాక్టరీలూ ఏ పాపం ఎరగవా?"

"అవీ కారణమే. వాటి మూతికి వేరేవాళ్లు గొట్టాలు పెడుతున్నారు లెండి."

అతనికి నవ్వొచ్చింది. తను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాడు.

ఆ వానాకాలమంతా ఆమె వస్తూనే ఉంది. అతను ఆమెకి 'త్రేన్పుల డాక్టర్' అని పేరు పెట్టాడు. "మీకంటే మీ ఆబోతే నయం, పలకరిస్తే తలైనా ఊపుతుంది," అనేది ఆమె. ఆవుల మెడ నిమిరి, చెవిలో ఏదో చెప్పి, మెల్లగా గొట్టం ఉన్న పట్టీ మూతికి తగిలించేది. కొన్నాళ్లకి ఆమె అడుగుల చప్పుడు వింటేనే అవి తలలెత్తి చూసేవి. అతనూ చూసేవాడు.

ఒక సాయంత్రం జడివానకి ఇద్దరూ షెడ్డులో చిక్కుకుపోయారు.

"ఇంతకీ నీకెందుకీ ఆవుల గోల?" అన్నాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియలేదు.

"మా అన్నయ్య సేద్యం వదిలేశాడు. వాన రావాల్సినప్పుడు రాదు, వస్తే అంతా ఊడ్చుకుపోతుంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి తగ్గించాలి కదా అనిపించింది."

కప్పు కారుతుంటే అతను తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టాడు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి పాల కంపెనీ కబురు పంపింది. గ్యాస్ తగ్గించని షెడ్ల పాలు ఇక కొనరట. ముసలి ఆవులు పాలు తక్కువిస్తాయి, గ్యాస్ మాత్రం తగ్గించవు. ఆమె కొలతల్లో తేలింది అదే. మందలో సగం ముసలివే, వాటిని వదులుకోవాలి.

"లెక్క కొంచెం తగ్గించి చెప్పలేవా? నా కోసం?"

"చెప్తే రేపు నా మాట నువ్వైనా నమ్ముతావా?"

"ఇంక ఈ గుమ్మం తొక్కకు," అన్నాడతను.

ఆమె తొక్కలేదు. అతని తండ్రి తిండి తగ్గించేసి, ఆవుల మధ్యే కూర్చుని ఉండేవాడు.

లారీ వచ్చిన రోజు ముసురు పట్టింది. ముసలి ఆవులు ఎక్కడికి వెళ్తాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఆవులు ఎక్కమని మొరాయించాయి. డ్రైవరు కర్ర ఎత్తాడు. అతను పలుపు బిగించి పట్టుకున్నాడు.

"కర్ర దించండి."

ఆమే. ఎప్పుడొచ్చిందో, తడిసి ముద్దయి ఉంది. ఒక్కొక్క ఆవు దగ్గరికీ వెళ్లి మెడ నిమిరింది, చెవిలో ఏదో చెప్పింది. అవి గొడవ చెయ్యకుండా ఆమె వెనకే నడిచి లారీ ఎక్కాయి.

లారీ కదిలాక ఆమె గోడవార కూలబడిపోయింది.

"నన్ను నమ్మి ఎక్కాయి," అంది వెక్కుతూ. "నన్ను నమ్మి..."

అతను వచ్చి పక్కనే బురదలో కూర్చున్నాడు. "ఎందుకొచ్చావు?"

"వాటిని కొడతారని. నువ్వొక్కడివే ఉంటావని."

"నీ మీద కోపం పోలేదు."

"నా మీద నాకే పోలేదు."

"అయినా..." అతను లారీ వెళ్లిన దారి వైపు చూశాడు. "నువ్వు రాని రోజుల్లో ఇక్కడ నాకేమీ తోచలేదు. నువ్వంటే ఇష్టం. ఇవాళ చెప్పాల్సిన మాట కాదు."

"నాకూ ఇష్టమే," అంది ఆమె కళ్లు తుడుచుకోకుండానే. "ఇవాళ ఒప్పుకోవాల్సిన మాట కాదు."

గుమ్మం చాటున అంతా విన్న అతని తండ్రి బయటికొచ్చాడు. ఇద్దరూ గబుక్కున లేచారు. ఆయన నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. తిడతాడనే అనుకుంది.

"అమ్మాయ్, పాలు పితకడం వచ్చా?"

"రాదండీ."

"నేర్చుకోవాలి మరి. ఈ ఇంట్లో ఉండేవాళ్లకి అది రాకపోతే కుదరదు. రా, మిగిలినవి అరుస్తున్నాయి."

ముగ్గురూ షెడ్డులోకి నడిచారు. ఖాళీ అయిన వైపు ఎవరూ చూడలేదు.