రెండో తీగ ఏమైంది?

తలుపు తట్టడం కూడా మర్చిపోయి ఆ అమ్మాయి గదిలోకి వచ్చేసింది. పూర్ణా మార్కెట్ వెనక మేడమీద ఉన్న ఆ గది ప్రైవేట్ డిటెక్టివ్ గౌరీశ్వరిది. అసిస్టెంటు సూరన్న మంచినీళ్లు ఇస్తే సగం నీళ్లు చున్నీ మీదే ఒలికాయి.

“నా పేరు గ్రేసీ అండి. పోర్టు దగ్గర కంటైనర్ల కంపెనీలో కంప్యూటర్లు సూసుకుంటాను. సాయంత్రం నాలుగింటికి నన్ను పోలీసులకి అప్పసెప్పేత్తారంట. నాను ఏటీ సెయ్యలేదు మేడమ్!”

అది 2006. ఆ కంపెనీకి మూడు సర్వర్లున్నాయి. ఏ కంటైనర్ ఏ ఓడ ఎక్కాలన్న వివరం మాత్రం వాటిలో ఉండదు. పక్కనే ఉన్న పెద్ద స్టోరేజి పెట్టెలో ఉంటుంది. మూడు సర్వర్లూ తీగ మీదుగా ఆ ఒక్క పెట్టెలోంచే చదువుకోవాలి. వరుసగా మూడు మంగళవారాలు, సరిగ్గా ఉదయం పదింటికి, మూడూ ఒక్కసారే బిగుసుకుపోయాయి. ఆ మూడో మంగళవారం ఇవాళే. ఓడ రేవు వదల్లేకపోయింది.

“గది తాళం ఎవరి దగ్గర ఉంటుందమ్మా?”

“నా దగ్గరేనండి.”

“నువ్వు కాక ఇంకెవరూ వెళ్లరా?”

గ్రేసీ తడిసిన చున్నీ కొసని పిండుకుంది. “ఎల్లరండి,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఒక్కోసారి నామీద నాకే బయమేత్తంది మేడమ్. నాకు తెలీకుండా నా సెయ్యే ఏదో సేసేత్తందేమోనని,” అంది.

సూరన్న ఆమె చేతుల వంక చూశాడు. గౌరీశ్వరి చెప్పులు వేసుకుంది.

కంపెనీ యజమాని దొరబాబు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాడు. మనిషి మంచివాడే గానీ ఆ వేళ కోపంతో ఊగిపోతున్నాడు. “తాళం ఆ పిల్ల దగ్గరే ఉందండి. ఇంకెవరు చేస్తారండి?” అన్నాడు.

మేనేజరు మోహనకృష్ణ చాలా నెమ్మదిగా వివరించాడు. “సర్వర్లని పెట్టెతో కలిపే స్విచ్‌లు రెండు, వాటికి రెండు తీగలు. ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. కాబట్టి తీగ తప్పు కాదు మేడమ్. మనిషి పనే.”

గ్రేసీ తాళం తీసి సర్వర్ల గది తలుపు తెరిచింది.

సర్వర్ల గది చలికి సూరన్న చేతులు కట్టుకున్నాడు. బీరువా లాంటి చట్రంలో మూడు సర్వర్లు, వాటి కింద ఒక స్విచ్. అక్కడి నుంచి పెట్టెకి నారింజ రంగు తీగ ఒక్కటే గాల్లో వేలాడుతూ వెళ్లింది. దానికి నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ కట్టి ఉంది. భక్తిపరుడు సూరన్న దానికి దండం పెట్టుకున్నాడు. గౌరీశ్వరి చట్రంలో ఖాళీ అరని చూస్తోంది. చుట్టూ దుమ్ము, మధ్యలో పుస్తకమంత మేర మాత్రం శుభ్రంగా ఉంది.

“రెండో స్విచ్ ఏదమ్మా?”

“రిపేరుకెల్లిందన్నారండి మేనేజరు గారు. పెద్దాయనకి సెప్పొద్దన్నారు.”

గౌరీశ్వరి దువ్వాడలో కంపెనీ కొత్తగా తెరుస్తున్న డిపోకి ఒక ఫోన్ చేసింది. ఆ దండ ఎవరు, ఎప్పుడు కడతారో ఆఫీసులో అడిగి తెలుసుకుంది. తర్వాత పని అయిదు నిమిషాలు ఆపించి, మూడింటికి అందర్నీ ఆ గదిలోకే పిలిచింది. ముసలి అటెండరు జగ్గయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“జగ్గయ్యా, ప్రతి మంగళవారం మార్చినట్టే ఆ దండ మార్చు.”

“ఏటమ్మా, ఇప్పుడా?” అంటూనే అతను పొద్దున కట్టిన దండ పట్టుకుని దారం తెగేలా ఒక్క గుంజు గుంజాడు. తీగ ఊగింది. మూడు సర్వర్ల తెరలూ ఉన్నచోటే ఆగిపోయాయి.

జగ్గయ్య గోడవారగా కూలబడ్డాడు. “నానే సేసీసినానా బాబూ!”

“నువ్వు కాదు,” అంది గౌరీశ్వరి. “టెలిఫోన్ ఎక్స్చేంజిలో పన్నెండేళ్లు తీగల మధ్యే బతికాను నేను. ఈ గాజు తీగలో నడిచేది కరెంటు కాదు, వెలుగు. నువ్వు గుంజినప్పుడు దీని మొన కదిలి ఆ వెలుగు ఒక్క క్షణం తెగుతుంది. అంతలోనే అతుక్కుంటుంది, అందుకే తర్వాత ఎవరు చూసినా అన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ రెండేళ్లుగా ఈ దండ మారుస్తున్నావు. అప్పుడు రాని జబ్బు ఈ నెలలో ఎందుకొచ్చింది? అప్పుడు రెండో తీగ ఉంది కాబట్టి. దాని స్విచ్ ఇప్పుడు దువ్వాడలో ఉంది, మోహనకృష్ణ గారూ. ఆ మొదటి మంగళవారానికి ముందు ఆదివారం మీరే స్వయంగా తీసుకెళ్లి బిగించారట.”

మేనేజరు ఖాళీ అర వైపు చూశాడు. “కొత్త డిపో తెరిచే రోజు దగ్గరపడింది. కొత్త స్విచ్ రావడానికి నెల పడుతుందన్నారు. నేనే తీశానని చెబితే నా ఉద్యోగం...”

“అందుకని ఈ పిల్లని జైలుకి పంపుతావా?” అన్నాడు దొరబాబు. అరవలేదు. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి రావద్దన్నాడు. గ్రేసీ వైపు చూడటానికి సిగ్గుపడ్డాడు.

గౌరీశ్వరి అడిగింది: “ఇంకెవరూ వెళ్లరన్నావెందుకమ్మా?”

“తాత పూజ సేత్తంటే నాను బయటికొచ్చి అటు తిరిగి నిలబడతానండి. మాది సర్చికెల్లే ఇల్లు. నాను సూత్తంటే తాతకి ఇబ్బందేమోనని. ఆ దండ ఎక్కడ కడతన్నాడో ఏనాడూ దగ్గరకెల్లి సూళ్లేదు. ఇప్పుడు సెప్తే పూజ మీద నెపం పెట్టీసిందంటారని బయమేసింది.”

జగ్గయ్య గోడ పట్టుకుని లేచాడు. “జైలుకెల్లిపోదువు గానీ నా పేరు సెప్పవా తల్లీ?”

“రెండుసార్లు నోటిదాకా వచ్చింది తాతా,” అంది గ్రేసీ. “ఈ వొయసులో నిన్నట్టుకుపోతే నువ్వేటైపోతావు?”

జగ్గయ్య ఆమె తలమీద చెయ్యి పెట్టి, అందరి ముందూ బావురుమన్నాడు.