తలుపు కింద తువ్వాలు

శుక్రవారం పొద్దున్నే దానం ఓ తువ్వాలు మడిచి వీధి తలుపు కింద దూర్చాడు. కిటికీ తెరలు లాగాడు. చర్చి కట్టుకోనివ్వని ఆ అరబ్బు దేశంలో, అల్ ఖోబర్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో ప్రతి శుక్రవారం ఇదే తంతు. కాసేపట్లో విశ్వాసులు ప్రార్థనకని ఒక్కొక్కరే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వస్తారు. పాటలు పెదవులతోనే పాడతారు. చప్పట్లు కొడుతూ, అరచేతులు తగిలేలోపే ఆపేస్తారు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, దానం లెక్కన ఆ ఇంట్లో గచ్చుకీ ఉన్నాయి.

నరసాపురం దగ్గర తమ ఊరి మందిరంలో ఈ దానమే డోలక్ వాయిస్తే నడుం వంగిన ముసలమ్మలు కూడా ఊగిపోయేవారు. ఇక్కడికొచ్చాక దాన్ని ముట్టింది లేదు.

టక్. టకటక టక్.

శబ్దం వంటింట్లోంచి. దానం పరుగున వెళ్లి చూస్తే, పదహారేళ్ల కూతురు జాయ్సీ చెక్క పలక మీద నిలబడి ఉంది. కాళ్లకు పాత నల్ల బూట్లు, వాటి అడుగున లోహపు బిళ్లలు.

"ఎవరివే ఇవి?"

"ఓర్లీన్ మామ్మవి నాన్నా. పోయిన వారం చనిపోయింది కదా. వాళ్లబ్బాయి ఇచ్చాడు."

ఓర్లీన్ అంటే దానం భార్య దయావతి నర్సుగా చేసే వార్డులో మంచం పట్టిన అమెరికా నల్లజాతి ముసలావిడ. కొడుకు ఇక్కడ ఇంజనీరు. బడి అయ్యాక తల్లి దగ్గరికొచ్చి కూర్చునే జాయ్సీకి, ఆవిడ భోజనం బల్ల మీద వేళ్లు ఆడిస్తూ, ఆ బూట్లతో నేలను టకటకలాడించే ట్యాప్ డాన్స్ అడుగులు నేర్పింది.

"విప్పు ముందు! విశ్వాసుల ఇంట్లో గంతులా? మాట మనకి వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే, దేశం వదిలి పొమ్మని అందరికీ ఎగ్జిట్ కొట్టి పంపేస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం!"

"మెల్లిగా అరవండి," అంది దయావతి. "దాని బూట్ల కంటే మీ గొంతే పైకి వినబడుతోంది."

దానం వినలేదు. బూట్లు లాగేసి, చెత్త సంచీ నోరు తెరిచాడు.

అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. బరువైన అడుగులు, చెప్పులతోనే వస్తున్నాయి. విశ్వాసులు అలా రారు. సరిగ్గా తమ గుమ్మం ముందు ఆగాయి.

దేవుడి పేరు కూడా ఎవరి పెదవీ దాటలేదు. కాసేపటికి అడుగులు పై అంతస్తుకి సాగిపోయాయి. ఎవరో తెలీదు. ఎందుకు ఆగారో అంతకన్నా తెలీదు.

జాయ్సీ గుసగుసగా అంది. "మామ్మ కాలంలో అమెరికాలో నల్లవాళ్లని హోటల్ వేదిక మీద ఆడనిచ్చేవాళ్లట గానీ, ముందు గుమ్మంలోంచి రానిచ్చేవాళ్లు కాదట. వంటింటి దారిన వెళ్లి ఆడింది. ఇది మగాళ్ల ఆట అంటే, మగాళ్ల బూట్లే వేసుకుని ఒంటరిగా వేదికెక్కింది. అలా ఎక్కిన తొలితరం ఆడవాళ్లలో తనొకతి."

"అయితే?"

"వాళ్ల ముత్తాతలు బానిసలు నాన్నా. డోళ్లు మోగితే తిరగబడతారని యజమానులు లాగేసుకున్నారట. చేతుల్లోంచి పోయింది కాళ్లలోకి దిగిందని చెప్పేది." జాయ్సీ తండ్రి చేతుల్లోని బూట్ల వైపు చూసింది. "మరి నీ డోలక్ ఎవరు లాక్కున్నారు నాన్నా?"

ఎవరూ లాక్కోలేదని దానానికి తెలుసు. ఊళ్లో మంచం కిందికి తోసి వచ్చింది తనే. ఇప్పుడు కూతురి బూట్లు పట్టుకున్న చేతులూ తనవే. ఆ చేతుల్ని చూసుకుంటే సిగ్గేసింది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి.

లోపలికి వెళ్లి కంబళి తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి చెక్క పలక కింద పరిచాడు.

"మెల్లిగా వెయ్యమ్మా. ఇంకా మెల్లిగా."

జాయ్సీ బూట్లు తొడుక్కుంది. పలక మెత్తగా పలికింది. దానం పక్కనే మోకరించి, పలక అంచు మీద వేళ్లతో తాళం అందుకున్నాడు.

వీధి తలుపు మీద ఎవరో గోటితో రెండుసార్లు తట్టారు. విశ్వాసుల గుర్తే. దయావతి తువ్వాలు తీయడానికి వెళ్లింది. పైకెళ్లిన అడుగులు మాత్రం ఇంకా కిందికి దిగలేదు. దానానికి భయం పోలేదు. వేళ్లు మాత్రం ఆగలేదు.