అట్టముక్క పట్టిన సందు

ఆదివారం ఉదయం ఏడూ ఇరవై.

కొండ దారి మూడో మలుపులో శవం బోర్లా పడి ఉంది. నలభై అడుగుల అవతల, పిట్టగోడకి బంపరు ఆనించి, అరవై ఏళ్ల నాటి రెండు తలుపుల కారు నిలబడి ఉంది. రంగు నిగనిగలాడుతోంది. డ్రైవరు వైపు తలుపు బార్లా తెరిచి ఉంది.

చనిపోయింది మినీబస్సుల యజమాని. రెండు నెలలుగా ఆ పాత కారుని ఇంటి షెడ్డులోనే పెట్టుకుని, తలుపులు విప్పి, రంగు వేయించి, మళ్ళీ తనే బిగించుకున్నాడు. మెకానిక్కు ఎందుకు, నాకు చేతులు లేవా అన్నాడట. అది ఆ కారు తొలి ప్రయాణం.

హెడ్ కానిస్టేబుల్ అప్పుడే రిపోర్టు రాసేశాడు. "తలుపు బిగించినవాడి అజాగ్రత్త వల్ల, ప్రయాణంలో తలుపు తెరుచుకుని..."

ఇన్‌స్పెక్టర్ ఆ వాక్యం దగ్గర ఆగింది. ఎప్పుడో చూసిన వాక్యంలా ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు.

"సంతకం పెట్టేయండి మేడం. బిగించినవాడే పోయాడు. ఇంకెవరి మీద పెడతాం కేసు?"

ఆమె పెన్ను మూసి జేబులో పెట్టుకుంది.

తొమ్మిదిన్నరకి యజమాని ఇల్లు. ఆయన భార్య ఏడవడం లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని గేటు వైపే చూస్తోంది. గేటు దగ్గర ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలడం లేదు.

ప్రమాదమని రాయొద్దు అందామె. తలుపులు ఎత్తింది, పట్టుకున్నది తన తమ్ముడే. శనివారం మధ్యాహ్నం బావతో గొడవపడి, స్పానరు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. ఆదివారం కారులో పక్కన కూర్చోవాల్సినవాడు రాలేదు. ఎందుకు రాలేదో అడగండి అంది.

"తమ్ముడని చూడకండి. వాడు జైల్లో కుళ్ళాలి. అది నేను కళ్ళారా చూడాలి."

"అక్కా, నేను..."

"ఆ నోటితో అక్కా అనకు."

ఇన్‌స్పెక్టర్ అతన్ని షెడ్డులోకి తీసుకెళ్లింది.

"తలుపులు మళ్ళీ ఎప్పుడు బిగించారు?"

"శుక్రవారం. బోల్టులు బావ తిప్పాడు. నేను కింద జాకీ పెట్టి పట్టుకున్నాను."

"విప్పేముందు గుర్తులు పెట్టుకోలేదా?"

"తలుపు బందుల చుట్టూ బావ పెన్సిల్ గీత గీశాడండీ. రంగువాడు శుభ్రంగా దాని మీదే రంగు కొట్టాడు."

హెడ్ కానిస్టేబుల్ నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు.

"గొడవెందుకు?"

"తలుపులు వెనక చివర కిందికి వేలాడాయి. పైన వేలు దూరే సందు, కింద కాగితం దూరదు. నావి చేతులా, గరిటెలా అన్నాడు బావ. రంగువాడి ముందే. అందుకే ఇవాళ రాలేదు."

"ఏ తలుపు వేలాడింది?"

"రెండూనండీ."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసింది.

శనివారం గొడవ తర్వాత షెడ్డుకి ఇంకెవరొచ్చారో భార్యని అడిగింది. సీట్లు కుట్టే ఆవిడ ఒక్కతే. రెండింటికి వచ్చింది, ఐదింటికి వెళ్లింది. తలుపుల చుట్టూ కొత్త రబ్బరు, లోపల రెక్సిన్ వేసింది. అప్పుడు ఆయన నిద్రపోతున్నాడు. లేచి తలుపు వేసి చూసి, సరిగా పడటం లేదేమని కసిరాడు. కొత్త రబ్బరు బాబూ, వారంలో అణుగుతుంది అని ఆవిడ సర్దిచెప్పింది. పాపం, నోట్లో నాలుక లేని మనిషి అంది భార్య.

నాలుగింటికి కారు షెడ్డుకి చేరింది. ఇన్‌స్పెక్టర్ తన విజిటింగ్ కార్డు తీసి ఎడమ తలుపు సందులో పెట్టింది. పైన జారిపోయింది. కింద దూరలేదు. డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి, కార్డుని సందు చుట్టూ మూడుసార్లు తిప్పింది. తర్వాత మోకాళ్ల మీద వంగి జాకీ తల చూసింది. దాని పళ్ళలో మెరూన్ రెక్సిన్ పీలిక ఇరుక్కుని ఉంది.

అక్కణ్ణించి తిన్నగా రికార్డు రూముకి వెళ్లింది. ఆ వాక్యం ఎక్కడ చూసిందో గుర్తొచ్చింది.

సోమవారం పదకొండింటికి షెడ్డులో నలుగురిని కూర్చోబెట్టింది. భార్య, తమ్ముడు, రంగువాడు, సీట్లు కుట్టే ఆవిడ. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. వేళ్ల మీద సూది గుచ్చిన మచ్చలు. మెడలో కళ్ళజోడు వేలాడుతోంది.

"శనివారం మధ్యాహ్నం రెండు తలుపులూ వేలాడాయి. ఇతను చెప్పాడు," అంది ఇన్‌స్పెక్టర్.

"నేనూ చూశాను మేడం," అన్నాడు రంగువాడు. "నా రంగు గీసుకుపోతుందని గోల పెట్టాను కూడా."

"ఇప్పుడు చూడండి. ఎడమది అలాగే ఉంది. డ్రైవరు తలుపు సందు పైనా కిందా ఒక్కటే. కారు పిట్టగోడకి గుద్దినంత మాత్రాన వేలాడిన తలుపు దానంతటదే పైకి లేవదు. శనివారం సాయంత్రంలోగా ఎవరో దాన్ని జాకీ మీద నిలిపి, బందులు వదులు చేసి, సరిచేసి బిగించారు. రంగు గీసుకోకుండా జాకీ తలకి రెక్సిన్ చుట్టారు."

"సరిచేస్తే మంచిదేగా? మరి ఎలా తెరుచుకుంది?" అంది భార్య.

ఇన్‌స్పెక్టర్ డ్రైవరు తలుపు వేసింది. టక్. ఎడమ తలుపు ఎత్తిపట్టి వేసింది. టక్, టక్.

"తాళానికి రెండు పళ్ళు. మొదటిది తలుపుని ఊరికే ఆపుతుంది. రెండోదే బిగిస్తుంది. తలుపు పక్క స్తంభానికి ఉన్న ఈ ఇనప ముక్కని పట్టుకోవాలి అది. దీని స్క్రూలు తిప్పి బయటికి జరిపారు. గీతలు కొత్తవి. రెండో పన్ను అందదు. తిన్నటి దారిలో పర్వాలేదు. మలుపులో మనిషి బరువు తలుపు మీద పడిందా, అంతే. అడిగితే చెప్పడానికి కొత్త రబ్బరు ఉంది."

అందరూ సీట్లు కుట్టే ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఎవరినీ చూడటం లేదు. ఎడమ తలుపునే చూస్తోంది.

"ముక్క జరిపితే సరిపోయేది. తలుపు వంకరగా వదిలేస్తే ఆయన చేతగానితనమే అనుకుని ఫైలు మూసేసేవాళ్లం. ఎందుకు సరిచేశావమ్మా?"

ఆవిడ కళ్ళజోడు సంచీ తెరిచింది.

"వేలాడుతున్న తలుపు చూస్తే చెయ్యి ఊరుకోలేదు. ఇరవై ఏళ్లు మా ఆయన బిగిస్తుంటే జాకీ పట్టినదాన్ని."

లోంచి ఒక అట్టముక్క తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. అంచులు అరిగి నల్లబడ్డాయి. ఇన్‌స్పెక్టర్ దాన్ని డ్రైవరు తలుపు సందులో పెట్టింది. అట్ట చుట్టూ ఒకే బిగువుతో నడిచింది.

ఆ అట్టతో తలుపు సందు కొలిచే ఆవిడ భర్తని అందరూ అట్టముక్క మేస్త్రి అనేవారు. యజమాని బస్సులకి తలుపులు బిగించేవాడు. తొమ్మిదేళ్ల కిందట అలాంటి ఒక బస్సు తలుపు ప్రయాణంలో తెరుచుకుని, దాని పక్కన నిలబడ్డ మేస్త్రే కిందపడి చనిపోయాడు. ముందురోజు మేస్త్రే వంకరగా బిగించాడని యజమాని స్టేట్‌మెంటు ఇచ్చాడు.

"తాళం పళ్ళు అరిగిపోయాయని మా ఆయన మొత్తుకున్నాడు. బండి ఆపనన్నాడు ఈయన. పైగా వంకరగా బిగించి చచ్చాడని రాయించాడు. తొమ్మిదేళ్లు ఊరంతా అదే మాట. ఈయనకి నా మొహం కూడా గుర్తు లేదు. నన్నే పిలిచి సీట్లు కుట్టమన్నాడు." ఆవిడ గొంతు పెరగలేదు. "అదే చావు చావాలనుకున్నాను. ఈయన మీదా అదే మాట రాయించాలనుకున్నాను. నాకు పశ్చాత్తాపం లేదమ్మా."

భార్య లేచి ఆవిడ మీదికి వెళ్లబోయింది. తమ్ముడు అడ్డు నిలబడ్డాడు.

"అక్కా, ఆగు. ఆవిడ చెప్పింది నిజం. మేస్త్రి తాళం మార్చమని రెండుసార్లు అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. బావ కోసం నోరు మూసుకున్నాను."

ఆమె తిరిగి కుర్చీలో కూలబడింది. తమ్ముడి మొహం చూడలేదు. కానీ పొమ్మనలేదు.

ఇన్‌స్పెక్టర్ చంకలోని పాత ఫైలు తెరిచింది. "తలుపు బిగించినవాడి అజాగ్రత్త వల్ల..." కింద సంతకం తనదే. అప్పుడామె కొత్త సబ్ ఇన్‌స్పెక్టర్. ఆ బస్సు తలుపు సందులో ఆ రోజు ఏమీ పెట్టి చూడలేదు.

తమ్ముడి చేత స్టేట్‌మెంటు రాయించింది. పాత ఫైలుకి జతచేసింది. కేసు తిరిగి తెరవమని, ఆనాటి దర్యాప్తులో తప్పు తనదేనని ఒక కాగితం రాసి సంతకం పెట్టింది.

"చదవండమ్మా," అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టర్ చదివింది. "తలుపు సక్రమంగానే బిగించబడి ఉండెను. అరిగిన తాళం మార్చుటకు యజమాని నిరాకరించెను."

"ఇంకోసారి."

ఇంకోసారి చదివింది. ఆవిడ రెండు చేతులూ చాపింది. హెడ్ కానిస్టేబుల్ బేడీలు వేశాడు.

షెడ్డు గుమ్మం దాకా వెళ్లి ఆవిడ వెనక్కి తిరిగింది. ఎడమ తలుపు పైన వేలు దూరే సందు, కింద కాగితం కూడా దూరని బిగువు.

"దాన్ని మాత్రం ఎవరూ సరిచెయ్యకండి," అంది. "అది ఈయన సొంత చేతులతో బిగించింది. అందరూ చూడాలి."