ఆరని గచ్చు మీద అడుగులు

రాయ్‌పూర్ రైల్వే కాలనీ వెనక సందులో చివరి ఇంటికి మంచి పేరు లేదు. హిందీవాళ్ళు భూత్ బంగ్లా అనేవాళ్ళు — ఉన్నదేమో రెండు గదులూ ఓ హాలూ, దానికి మళ్ళీ బంగ్లా అన్న బిరుదొకటి! మన తెలుగువాళ్ళయితే 'ఆ ఇల్లు' అని ఊరుకునేవాళ్ళు. రాత్రిపూట హాల్లో ఎవరో నడుస్తారట. వట్టి కాళ్ళతో... మెల్లగా... ఆగి ఆగి. అద్దెకొచ్చిన మూడు కుటుంబాలూ మూణ్ణెల్లు తిరక్కుండానే ఖాళీ చేసి పోయాయి.

అలాంటి ఇంటిని హన్నా సిస్టరు కొనుక్కుంది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి ఎన్నో చావులు చూసిన మనిషి, దెయ్యమంటే నవ్వేసింది. పాత మొజాయిక్ పగలగొట్టించి, టైల్సూ గీల్సూ ఏవీ వద్దంది. నేలంతా కాంక్రీటు పోసి, ఒక్క అతుకు కనపడకుండా నున్నగా మెరుగు పట్టాలంది. ఇప్పుడదే ఫ్యాషను మరి! ఆ పనికి ఎవర్నడిగినా పరదేశి పేరే చెప్పారు.

పరదేశి వాళ్ళది శ్రీకాకుళం వైపు. తండ్రి రైల్వే గ్యాంగులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ముప్ఫయ్యేళ్ళుగా తాపీ పట్టిన చెయ్యి. పోసిన గచ్చుని సగంలో వదిలి ఏనాడూ లేవలేదు. ఆ పేరే ఆయన కొంప ముంచింది కూడా.

నలభై రోజుల కిందట ఊరి శివార్లలో ఉర్లాలో ఓ ఫ్యాక్టరీ ఆఫీసుకి గచ్చు పోస్తుంటే పెళ్ళాం బంగారమ్మ ఫోన్ చేసింది.

"ఏటోలాగుందయ్యా... ఓపాలి రారాదా."

"గచ్చు బిగుసుకుపోద్దే. గంటలో వొచ్చెస్తాను," అన్నాడు.

గంట కాదు, మూడు గంటలు పట్టింది. వచ్చేసరికి మనిషి లేదు.

పదో రోజు రాత్రి, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం నేల మీద బియ్యప్పిండి పరిచి, పైన బుట్ట బోర్లించి తలుపేశారు. పోయినవాళ్ళు వచ్చి చూసుకుంటే పిండి మీద గుర్తు పడుతుందని వాళ్ళ నమ్మకం. పొద్దున్నే బుట్ట తీస్తే పిండి పరిచింది పరిచినట్టే ఉంది. "నీ మీద కోపం పోనేదురా దానికి," అంది అక్క సుభద్ర.

బంగారమ్మ పోయిన రోజు నుంచీ పరదేశికి ఆకలి లేదు, నిద్ర లేదు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు. నడినెత్తిన ఎండ మాడ్చేస్తున్నా తెలియనట్టు తిరిగేవాడు. ఒక్కసారి వచ్చిపోతే చాలు, ఇంకేమీ వద్దు అనుకునేవాడు పాపం.

అది మే నెల. ఈ ఊరి ఎండలో పగలు కాంక్రీటు పోస్తే బీటలు వారిపోతుంది. అందుకని పొద్దు గూకాక పోశారు. పోశాక మూడు నాలుగు గంటలు ఆగాలి. వేలితో నొక్కితే ముద్ర పడాలి గానీ వేలు దిగకూడదు — అదీ అదను. అప్పుడు ఉక్కు తాపీతో మెరుగు పట్టాలి. అదను దాటిందా, ఇక ఎవరూ దిద్దలేరు.

అభన్‌పూర్ నుంచి వచ్చిన కూలీలు పోత అవగానే సామాను సర్దేసుకున్నారు. "దాదా, ఇహా మత్ రుకో," అని ఒకడు, ఇక్కడ ఉండొద్దని గుసగుసగా చెప్పి మరీ పోయాడు. పరదేశి తలూపాడు. గమ్‌బూట్లు విప్పేసి, వీధి గడప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

కరెంటు పోయింది.

ఎంతసేపలా కూర్చున్నాడో తెలీదు. కళ్ళు మూతలు పడ్డాయి... అప్పుడు వినపడింది.

చప్...

చప్...

తడి నేల మీద వట్టి కాళ్ళ చప్పుడు. ఆగి... మళ్ళీ... చప్.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. చప్పుడు లేదు. సెల్‌ఫోన్ లైటు వేశాడు.

హాలు మధ్య నుంచి అడుగులు... వరసగా తనవైపే వచ్చాయి! చివరి జత గడపకి జానెడు దూరంలో ఆగింది. వేళ్ళు తనవైపే ఉన్నాయి. మనిషి మాత్రం లేదు.

ఇంకెవరైనా అయితే గుండాగి చచ్చేవాళ్ళే. పరదేశికి భయం కూడా వెయ్యలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి —

"వొచ్చినావేటే, బంగారీ?" అన్నాడు గుసగుసగా.

లైటు ఆ చివరి జత మీదికి దించాడు.

"పిండి మీదికి రానేదేం మరి?"

వంగి, గచ్చుని వేలితో నొక్కి చూశాడు. ముద్ర పడింది. వేలు దిగలేదు. ఇప్పుడు తాపీ పడితే అడుగులు మాసిపోతాయి. పట్టకపోతే పొద్దుటికి రాయైపోతాయి, సిస్టరు ముచ్చటపడ్డ నేల పాడవుతుంది, ముప్ఫయ్యేళ్ళ పేరూ గంగలో కలుస్తుంది.

తాపీ చేతిలోకి తీసుకున్నాడు...

కింద పెట్టేశాడు.

"నాను దిద్దను గానీ... ఉండు," అన్నాడు. తెల్లవార్లూ ఆ అడుగుల ముందే కూర్చున్నాడు.

హన్నా డ్యూటీ దిగి ఆరున్నరకి స్కూటీ మీద వచ్చింది. నేల చూసి కొయ్యబారిపోయింది. "అయ్యో ప్రభువా! ఏంటి బాబాయ్ ఇది?"

"బంగారమ్మ వొచ్చిందమ్మా. మీ నేల పాడుచేసేసినాను. మళ్ళీ పోసిస్తాను. ఈ ముక్క మాత్రం నాకిచ్చీండి... కోసి ఇంటికి అట్టుకుపోతాను."

హన్నా అడుగుల వంక చూసింది. వెలుగులో ఇంకో వరస కూడా కనపడుతోంది — గడప దగ్గర మొదలై, గోడ వెంబడే పోయి, హాలు మధ్యలో వెనక్కి తిరిగింది. అప్పుడామె చూపు పరదేశి కాళ్ళ మీద పడింది.

చీలమండల దాకా కాంక్రీటు గడ్డకట్టి ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి ఊడొస్తోంది.

"బాబాయ్... ఇవి మీ అడుగులే. నిద్రలో నడిచారు. సిమెంటు మీ కాళ్ళు తినేసింది. నొప్పి తెలీడం లేదా?"

"ఏటీ తెలీడం నేదమ్మా," అన్నాడు. లేచి, చివరి అచ్చులో పాదం పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"అయితే అది రానేదన్నమాట."

"ఆమె రాలేదు బాబాయ్. మీరే ఆమెను వెతుక్కుంటూ వెళ్ళారు."

ఆయన్ని గడప మీద కూర్చోబెట్టి, డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్ళు ముంచి కాళ్ళ మీద పోసింది. ఒక మగ్గు. రెండో మగ్గు. చలనం లేదు. ఇంకోటి పోసేసరికి పరదేశి చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బా..."

నలభై రోజుల తర్వాత ఒంటికి తెలిసిన మొదటి నొప్పి అది. ఇక ఆగలేదు. గడప మీదే రెండు చేతుల్తో తల పట్టుకుని, సందంతా వినపడేలా భోరుమన్నాడు.

"నువ్వు పిలిస్తే నాను రానేదే, బంగారీ... నానే రానేదే!"

హన్నా కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉంది.