మడత పడకూడని జత

ఆ పిల్ల డిటెక్టివ్‌గారి ఆఫీసుకు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. భర్త పోయి ఇంకా నెల తిరగలేదు.

"ఆయన దాచిన బూట్ల జత పోయిందండీ. నేనే అమ్ముకున్నానని మా అత్తగారు పాపను లాక్కుని నన్ను గెంటేసింది. నా పాపను నాకు ఇప్పించండి!"

"బూట్లకా ఇంత రభస!" అని మరదలు నోరెళ్లబెట్టింది. ఆవిడ డిటెక్టివ్‌గారి తమ్ముడి భార్య. ఆఫీసులో టైపు కొట్టేదీ, వదినగారి తెలివికి మురిసిపోయేదీ ఆవిడే.

"పేరున్న కంపెనీవండీ. కొని, తొడగకుండా దాచి, రేటు పెరిగాక అమ్ముతారట. పాప చదువుకని దాచారు."

ముగ్గురూ ఆ ఇంటికి వెళ్లారు. అల్మారాలో తళతళలాడే జతలు రెండు అలాగే ఉన్నాయి. వెలిసిపోయినట్టుండే బూడిదరంగు జత మాత్రమే, అట్టపెట్టెతో, విడి లేసులతో, లోపల కుక్కిన కాగితంతో సహా మాయమైంది. కిందటి వారం దుమ్ము దులిపినప్పుడు అది అక్కడే ఉందని ఆ పిల్ల చెప్పింది.

ఇలాంటి బూట్లు కొని అమ్మే, పోయినాయన స్నేహితుణ్ణి పిలిపించారు.

"అంత్యక్రియల రోజునే అడిగానండీ, అమ్ముతారా అని. ఆగితే ఇంకా పెరుగుతుందని సలహా కూడా ఇచ్చా."

"శవం లేవకముందే?" అంది డిటెక్టివ్.

"రేటు మనకోసం ఆగదు కదండీ."

కానీ ఆ రోజు తరవాత అతను గడప తొక్కలేదని అత్తగారే చెప్పింది.

మిగిలింది అదే ఇంట్లో ఉండే ఆ పిల్ల బావగారు. "బూట్ల సంగతి నాకేం తెలుసండీ? తోలుదో గుడ్డదో కూడా చెప్పలేను," అన్నాడాయన, ఆవులిస్తూ.

మర్నాడు డిటెక్టివ్ అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. "దొరికాయి," అంటూ బూడిదరంగు జత నేలమీద పెట్టింది. చెప్పులు విడిచి, తడికాలు అందులో దూర్చి, మునివేళ్ల మీద లేవబోయింది.

"అయ్యయ్యో, తీయండి! ముందుభాగం మడత పడితే సగం రేటు పోతుంది!"

అరిచింది బావగారు. అరిచాక గాని నోరు జారానని తెలుసుకోలేదు.

"ఇది పేవ్‌మెంటు మీద కొన్న నకిలీ నాయనా," అంది డిటెక్టివ్. "తెలియని దొంగ మెరిసేవి పట్టుకుపోతాడు. నువ్వు అట్టపెట్టే, లేసులూ, కాగితం కూడా వదల్లేదు. అవి లేకపోతే విలువ తగ్గుతుందని నీకు తెలుసు. తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకడు గడప తొక్కలేదు. ఇంతకూ నీకేమీ తెలియదని నాతో ఎందుకు చెప్పావు? తమ్ముడి బిడ్డ సొమ్ము తిని, నింద ఆ పిల్ల మీదికి తోసి, పక్కన నిలబడి ఆవులించావు. ఎక్కడ దాచావు?"

"ఆఫీసు డ్రాయర్లో," అని గొణిగాడు. "పాడవకుండా చూసుకుంటున్నా."

అత్తగారు కోడలి కాళ్ల మీద పడుతుందేమోనని మరదలు ఎదురుచూసింది. ముసలావిడ కొడుకు వైపు ఒరిగి గొంతు తగ్గించింది.

"ఇప్పుడమ్మితే ఎంతొస్తుందిరా?"

మరదలికి అక్కడే ఉమ్మేయాలనిపించింది.

ఆ పిల్ల వెళ్లి అత్తగారి ఒళ్లోంచి పాపను ఎత్తుకుంది. ముసలావిడ అడ్డుపడలేదు, తలెత్తనైనా లేదు. కొడుకు చెప్పబోయే అంకె కోసం ఆయన నోటివైపే చూస్తోంది.