చూడవలసినవన్నీ చూసేశాక

థార్న్‌సీ అనే సముద్రతీరపు ఊళ్లో సముద్రపు రోడ్డు పొడవునా పదకొండు గాజు చావడులున్నాయి. వానొస్తే జనం తలదాచుకోడానికి మునిసిపాలిటీ వాళ్లు కట్టించినవి. మిగతా పదింటిలో రాత్రి ఎప్పుడు చూసినా ఓ ప్రేమజంటో, ఓ తాగుబోతో కనిపిస్తారు. ఏడో చావడిలో మాత్రం... పొద్దుగూకితే కుక్క కూడా కాలు పెట్టదు.

అక్కడ ఒక ముసలాయన కూర్చుంటాడట. రెయిన్‌కోటు, తడిసిన టోపీ. దారిన పోయేవాళ్లని మెల్లగా ఒకే మాట అడుగుతాడట —

“టైమెంతయిందమ్మా?”

చెప్పకూడదు. చెబితే లేచి వెనకాలే వస్తాడు... మీ గుమ్మం దాకా వస్తాడు. సరే, ఎవరు చెప్పారు, ఎవరింటికి వచ్చాడు అని అడిగితే మాత్రం ఊళ్లో ఒక్కరూ నోరు విప్పరు. దెయ్యాల విషయంలో సాక్షులెప్పుడూ పక్కూరి వాళ్లే.

ఆయనెవరో మాత్రం అందరికీ తెలుసు. ఎవరి తలుపుకేసి చూస్తూ పోయాడో కూడా తెలుసు. హెట్టీ క్లెగ్ వినేటట్టు ఎవరూ ఆ ఊసెత్తరు, అంతే.

హెట్టీది ఆ చావడికి సరిగ్గా ఎదురుగా ఉన్న బస ఇల్లు. తొమ్మిది గదులు. మేలో తెరిస్తే సెప్టెంబరు ఆఖరు దాకా ఊపిరాడదు. నూలు మిల్లుల ఊళ్ల నుంచి వారం వారం కొత్త జనం, వారం వారం గుట్టలకొద్దీ దుప్పట్లు. ఆ వీధిలో బస ఇళ్లన్నిటికీ ఒకటే చట్టం. పొద్దున టిఫిను కాగానే, పదింటికల్లా, బసకొచ్చినవాళ్లు బయటికి నడవాలి. సాయంత్రం నాలుగున్నర దాకా తలుపు తియ్యరు. వానొచ్చినా అంతే, వడగళ్లు పడ్డా అంతే. ఊడవడం, ఉతకడం, వండడం అంతా ఆ ఆరున్నర గంటల్లోనే కావాలి మరి.

బయటికి పోయి ఏం చెయ్యాలో తోచనివాళ్ల కోసం హెట్టీ ఒక కార్డు అచ్చేయించింది. ‘థార్న్‌సీలో చూడవలసినవి’. సముద్రంలోకి కట్టిన చెక్క వంతెన, పెన్నీ నాణెం వేస్తే ఆడే బొమ్మల పెట్టెలు, ఇసుకలో గాడిద సవారీ, పడవల చెరువు, బ్యాండు మేళం, మైనపు బొమ్మలు, దీపస్తంభం... అన్నీ కలిపి పన్నెండు. పదింటికి గుమ్మంలో నిలబడి తలా ఒకటి చేతిలో పెట్టేది.

ఏడేళ్ల కిందట, ఇలాగే సెప్టెంబరులో, ఆర్నాల్డ్ బర్ట్‌విజిల్ అని ఒక ముసలి నేతగాడు వచ్చి ఆరో నంబరు గదిలో దిగాడు. పెళ్లాం పోయాక ఒంటరిగా వచ్చిన మొదటి సెలవు. శుక్రవారం కుండపోత. మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. హెట్టీ తియ్యలేదు. ఉత్తరాలు వేసే సందులోంచే మాట్లాడింది.

“ఇంకా గంటన్నర ఉందండీ.”

“అన్నీ చూసేశానమ్మా,” అన్నాడాయన సందు దగ్గరికి వంగి. “ఇంక చూడ్డానికేం లేదు. ఒళ్లు కాలిపోతోంది... కాసేపు పడుకుంటాను.”

“మీకు తీస్తే అందరికీ తియ్యాలి కదండీ.”

“అదీ నిజమేలెండి,” అన్నాడు. పోట్లాడలేదు. ఆ రోజు ఆయన పోట్లాడి ఉంటే ఎంత బాగుండేదో అని హెట్టీ తర్వాత వెయ్యిసార్లు అనుకుంది.

నాలుగున్నరకి తలుపు తీసింది. ఆయన రాలేదు. ఎదురుగా ఏడో చావడిలో, ఆ తలుపుకేసే చూస్తూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. జేబులో కార్డుంది. పన్నెండింటికీ పెన్సిలుతో టిక్కులు పెట్టి ఉన్నాయి.

నిమోనియా అన్నాడు డాక్టరు. హెట్టీని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అననందుకే ఆమెకి నిద్ర దూరమైంది. అప్పట్నుంచి చీకటి పడితే పెరటి సందులోంచే రాకపోకలు. ముందు గదుల తెరలు సందె వేళకే దించేసేది. చట్టాన్ని మాత్రం మార్చలేదు. మారిస్తే... ఆ రోజు తప్పు చేశానని ఒప్పుకున్నట్టే కదా! అందుకని మధ్యాహ్నం పూట ఎవరు తలుపు తట్టినా, వంటింట్లో నిలబడి చెవులు మూసుకునేది.

ఆయన పోయిన ఏడేళ్లకి, సెప్టెంబరు ఆఖరి శనివారం. పొద్దున ఆఖరి బసవాళ్లు కూడా పెట్టెలు సర్దుకుని రైలెక్కారు. సీజను ముగిసిన రాత్రి ఊళ్లోని బస ఇళ్ల ఆడవాళ్లంతా ఒకచోట చేరి తలా రెండు గ్లాసులు పోర్టు వైను తాగడం ఆనవాయితీ. ఈసారి వెనక వీధిలో గ్లాడిస్ ఆగ్‌డెన్ ఇంట్లో. హెట్టీకి ఆవిడ పాతికేళ్ల నేస్తం.

“ఏమే హెట్టీ, నిలబడే నిద్రపోతున్నావు?” అంది గ్లాడిస్.

“ఇరవై రెండు వారాలు నిలబడే ఉన్నాను. కూర్చోవడం మర్చిపోయినట్టున్నాను.”

“ఈ పూటకి ఇక్కడే పడుకోవే. మీ పెరటి సందులో కాలవ పొంగి మోకాల్లోతు మురుగట.”

“నా మంచం మీద నేను పడుకోవాలి గ్లాడిస్. ఒక్క రాత్రైనా.”

“అయితే... సముద్రం రోడ్డు మీదుగా పోతావా?” గ్లాడిస్ గొంతు తగ్గింది. “ఏదైనా అడిగితే —”

“అడిగితే?”

“విననట్టు పో.”

“ఏడేళ్లుగా అదేగా చేస్తున్నాను,” అంది హెట్టీ, కోటు తొడుక్కుంటూ.

ఎనిమిది దాటింది. సన్నటి వాన. సీజను అయిపోయిందని రోడ్డు మీది రంగు దీపాలు అప్పుడే ఆర్పేశారు. గాడిదల వాడు లేడు, బ్యాండు లేదు, పీతలమ్మే బండి లేదు... సముద్రం ఒక్కటే రొప్పుతోంది.

హెట్టీ ఇళ్ల వైపు గోడ పట్టుకుని నడిచింది. చీలమండలు ఉబ్బిపోయి బూట్లలోంచి పొంగుతున్నాయి. రోడ్డవతల చావడులు చీకట్లో ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అయిదు... ఆరు...

ఏడో దానికేసి చూడలేదు.

తన గుమ్మం ఎక్కింది. తాళంచెవి దొరకడం లేదు. వీపంతా చావడి వైపే ఉంది. చెవి దొరికింది. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. ఒక్క అడుగు... ఇంకొక్క అడుగు వేస్తే లోపలే —

“టైమెంతయిందమ్మా?”

మెల్లగా, మర్యాదగా, రోడ్డవతల నుంచి.

హెట్టీ తిరిగి చూసింది. గాజు వెనకాల నల్లగా ఒక ఆకారం. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఒక్క ఉదుటున లోపలికి దూరి గడియ పెట్టుకోవచ్చు. కానీ భయపడ్డానికి కూడా కాస్త ఓపికుండాలి. హెట్టీ దగ్గర ఆ మాత్రం కూడా మిగల్లేదు. ఏడేళ్లుగా గొంతులో ఇరుక్కున్న మాట దానంతటదే బయటికొచ్చేసింది.

“నాలుగున్నర అయిందండీ,” అంది. “లోపలికి రండి... టీ పెడతాను.”

తలుపు బార్లా తీసి వదిలేసి, వెనక్కి చూడకుండా వంటింట్లోకి నడిచింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత రోడ్డు మీద అడుగులు... మెట్ల మీద... నడవలో. ఆమె స్టవ్ మీద కెటిల్ పెట్టింది. మూత కిందపడింది. రొట్టె కోసింది, వెన్న రాసింది, రెండు హామ్ ముక్కలు పెట్టింది. ముందు తలుపు మూసుకున్న చప్పుడైంది. భోజనాల గదిలో కుర్చీ జరిగింది.

చచ్చినా బతికినా ఇదొక్కటీ చేసేయాలి అనుకుంది. ట్రే పట్టుకుని, రెప్పలు సగం దించుకుని, గదిలోకి అడుగుపెట్టింది.

ఎవరో ఫెడీమని తుమ్మారు.

దెయ్యాలు తుమ్మవు కదా! హెట్టీ కళ్లు తెరిచింది. బల్ల దగ్గర పాతికేళ్ల కుర్రాడు తడిసి ముద్దై కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టోపీ, కాళ్ల దగ్గర డప్పుపుల్లలు బయటికొచ్చిన సంచి.

“సిరిల్ హాబ్సన్ అండీ,” అన్నాడు లేచి నిలబడి. “బ్యాండులో డ్రమ్ము వాయించేవాణ్ణి. ఇవాళ్టితో మా బస అయిపోయింది, పొద్దున పదింటికే ఆ బస ఇంటి యజమానురాలు బయటికి పంపేసింది. ఆఖరి రైలు తప్పిపోయింది. అందుకని ఆ గాజు గదిలో, సముద్రం వైపు బెంచీ మీద నడుం వాల్చాను.”

హెట్టీకి నవ్వు ఆగలేదు. ట్రే బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, కళ్ల నీళ్లు కారేలా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడేళ్లు ఇలాంటి వాడికా తను భయపడింది!

“తిను నాయనా, తిను. నీలాంటి వాళ్లు అక్కడ పడుకుని టైము అడుగుతుంటే ఊరు ఊరంతా హడలి చస్తోంది, తెలుసా?”

రొట్టె నోట్లో పెట్టుకోబోతున్న సిరిల్ ఆగాడు.

“నేనెక్కడ అడిగానండీ?” చొక్కా చెయ్యి పైకి లాగి గడియారం చూపించాడు. “నాకు టైము తెలుసు. మీరు నాలుగున్నర అంటే ఇదేంట్రా అనుకున్నాను కూడా.”

“మరి...?”

“అడిగింది ఆ పెద్దాయన కదా, రోడ్డు వైపు బెంచీ మీద ఉన్నాయన. మీరు రమ్మనగానే లేచాడు. తలుపు తీసుంది, వానగా ఉంది, నన్నూ కాదనరులే అని ఆయన వెనకే వచ్చాను. తలుపు వేసింది నేనే.”

హెట్టీ మెల్లగా నడవ వైపు తిరిగి చూసింది.

“మీ చుట్టమా అండీ?” అన్నాడు సిరిల్. “ఇల్లంతా తెలిసినవాడిలా ఉన్నాడు. గుమ్మంలో పట్టా మీద బూట్లు ఎంతసేపు తుడుచుకున్నాడో! టీకి కూడా ఆగకుండా మేడమీదికి పోయాడు.”

సరిగ్గా నెత్తి మీద, ఆరో నంబరు గదిలో, మంచం ఒక్కసారి కిర్రుమంది... ఒక మనిషి బరువు దిగినట్టు. తర్వాత నిశ్శబ్దం.

సిరిల్ కప్పు చేతిలోకి తీసుకుని లేచాడు. “ఇచ్చి రమ్మంటారా? చల్లారిపోతుంది.”

హెట్టీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పైకప్పు వైపు చూస్తూ, నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు గొంతు బాగా తగ్గించింది.

“వద్దు బాబూ, పడుకోనీ... ఆయనకి ఒంట్లో బాగోలేదు.”